తానీషా చివరి మాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, కాలువల గురించో చెరువుల గురించో ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆఫీసులో మాట్లాడేది అదే, ఇక్కడ కూడా అదేనా అనిపించి, సినిమా డైలాగుల గురించి మాట్లాడతానన్నాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. తర్వాత "సరే గానీ, పాటలు మాత్రం పాడకు" అన్నాడు. పాడను. మీరు నిశ్చింతగా కూర్చోవచ్చు.

నా సందేహం ఒకటే. సినిమా చివర విలన్ మారతాడు. ఒక సినిమాలో ఆ మారడం చూసి కళ్ళు తుడుచుకుంటాం. ఇంకో సినిమాలో అదే మార్పు చూసి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెడతాం. తేడా ఎక్కడుంది? నటుడిలో ఉంది, దర్శకుడిలో ఉంది, కాదనను. కానీ చాలాసార్లు ఆ విలన్ నోట పెట్టిన ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యం మారిస్తే మనిషే మారిపోతాడు. దీనికి మన జిల్లా కథే తీసుకుంటాను. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న కథ.

కథ మీకు నేను చెప్పేదేముంది! పాల్వంచ పరగణాకు తహశీల్దారు. వసూలైన శిస్తు డబ్బుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. గోల్కొండ ప్రభువు తానీషా లెక్క అడిగాడు, బందీఖానాలో పెట్టాడు. పన్నెండేళ్ళు. ఆఖరికి ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి ఆరు లక్షలూ కుమ్మరించి, రసీదు రాయించుకుని పోయారు. వచ్చింది ఎవరో తానీషాకు తెల్లవారాక తెలిసింది. పరుగున వెళ్ళి రామదాసును విడిపించాడు. 1964లో చిత్తూరు నాగయ్య తీసిన సినిమాకూ, 2006లో రాఘవేంద్రరావు తీసిన 'శ్రీరామదాసు'కూ మూలకథ ఇదే. రెండో దాంట్లో నాగార్జున రామదాసు, నాజర్ తానీషా. బుర్రకథల్లో, హరికథల్లో, శ్రీరామనవమి పందిళ్ళలో మనం విన్నదీ ఇదే.

విలన్ అన్నందుకు ఎవరూ నొచ్చుకోవద్దు. చరిత్రలోని అబుల్ హసన్ కుతుబ్‌షా వేరు. అక్కన్న మాదన్నలను మంత్రులుగా పెట్టుకున్నవాడు, తానీషా అన్న పేరు తన సూఫీ గురువు చేత పొందినవాడు. నేను చెప్పేది తెర మీది తానీషా గురించి. కథలో బంధించేవాడు ఒకడు కావాలి, ఆ పని ఆయన మీద పడింది.

ఇక చిక్కు ఎక్కడుందో చెప్తాను. ఈ కథలో తానీషా మారడానికి ఏమి ఖర్చుపెట్టాడు? ఆలోచించండి. రావలసిన డబ్బు పైసా తగ్గకుండా వచ్చింది. పైగా దేవుడు కనిపించాడు. గుడి కట్టిన రామదాసుకు కనిపించలేదు, జైల్లో పెట్టినవాడికి కనిపించాడు! మన పెద్దలకు కూడా ఇది ముల్లులా గుచ్చుకుని ఉంటుంది, అందుకే పూర్వజన్మ కథ ఒకటి అల్లారు. రామదాసు వెనకటి జన్మలో ఒక చిలుకను పంజరంలో పెట్టాడని, అందుకే ఈ శిక్ష అనీ. తానీషాకేమో వెనకటి పుణ్యం. లెక్క సరిపోయింది, కానీ నాకు మాత్రం అది ఆడిటు అభ్యంతరానికి రాసే జవాబులా అనిపిస్తుంది. అభ్యంతరం పోతుంది, అనుమానం పోదు.

అంటే తెర మీద తానీషా రామదాసు సంకెళ్ళు విప్పుతూ ఏ మాట అంటాడన్న దాని మీదే అంతా ఉంది. "నీ డబ్బు ముట్టింది, ఇక వెళ్ళు" అన్న అర్థం వచ్చేట్టు ఏమన్నా సరే, ఎంత భక్తిగా అన్నా సరే, ఎన్ని కన్నీళ్ళు కార్చినా సరే, ఆయన ఖజానా గుమాస్తాగానే మిగిలిపోతాడు.

ఇక్కడ కాసేపు మన ఊరు దాటి వెళ్దాం. అమెరికా వాళ్ళ 'స్టార్ వార్స్' సినిమాలు మీ పిల్లలకు తెలుసు, కొందరు మనవళ్ళకు కూడా తెలుసు. అందులో నల్ల ముసుగు విలన్ డార్త్ వేడర్. హీరో ల్యూక్ తన తండ్రిని చంపింది ఇతనే అనుకుంటాడు. 1980లో వచ్చిన రెండో సినిమాలో ఇద్దరికీ కత్తి యుద్ధం జరుగుతుంది, చివర వేడర్ ఒక మాట అంటాడు. షూటింగ్ నాడు నటుడికి ఇచ్చిన కాగితంలో ఉన్నదేమిటంటే, మీ నాన్నను చంపింది మీ గురువు ఓబీ వాన్ అని. ముసుగులో ఉన్న డేవిడ్ ప్రౌజ్ ఆ మాటే అన్నాడు. అసలు మాట రహస్యం. ల్యూక్ వేషం వేసిన మార్క్ హామిల్‌కు షాట్‌కు కాస్త ముందు మాత్రమే చెవిలో వేశారు. తర్వాత జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతుతో డబ్బింగ్ చెప్పించినప్పుడు అది "నేనే మీ నాన్నను" అయింది.

ఒక్క వాక్యం. మొదటిదే ఉంటే వేడర్ తగవులు పెట్టే దుర్మార్గుడు, అంతే. రెండోది పడగానే అతను మారడానికి ఒక దారి తెరుచుకుంది.

ఆ దారిలో అతను నడిచింది 1983లో వచ్చిన మూడో సినిమాలో. చక్రవర్తి ల్యూక్‌ను చిత్రహింస పెడుతుంటాడు. వేడర్ పక్కనే నిలబడి అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. మాట లేదు. ముఖం కూడా లేదు, ముసుగే కదా. ఉన్నట్టుండి చక్రవర్తిని రెండు చేతులా ఎత్తి అగాధంలోకి విసిరేస్తాడు. ఆ కాసేపటి మౌనంలో వేడర్ ఏమనుకున్నాడో చూసేవాళ్ళంతా ఎవరికి వారు ఊహించుకున్నారు. 2011లో బ్లూరే డిస్కులు తెచ్చినప్పుడు సరిగ్గా అక్కడ "నో" అని ఒక అరుపు కలిపారు. అభిమానులు చాలామంది మండిపడ్డారు. నేనూ ఆ జట్టే. ఆ అరుపుతో వేడర్ మంచితనం తగ్గలేదు గానీ, మన వంతు పని పోయింది. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టినట్టయింది.

తెలుగులో ఇంత సూక్ష్మం ఎక్కడుందంటారా? 'గుండమ్మ కథ' చూడండి. 1962 నాటిది. సూర్యకాంతం సినిమా అంతా సవతి కూతురు సావిత్రిని పనిమనిషిలా చూస్తుంది. చివర మారుతుంది. మనం నమ్ముతాం, ఎందుకని? ఛాయాదేవి చేతిలో చిక్కి, తన ఇంట్లోనే తాను గదిలో బందీ అవుతుంది కనుక. తాను పెట్టిన బాధ ఎలా ఉంటుందో ఒంటికి తగిలింది. అప్పుడు సావిత్రే వచ్చి విడిపిస్తుంది. ఆ తర్వాత గుండమ్మ ఏ మాటన్నా చెల్లుతుంది. తానీషాకు అలాంటి గది కథలో లేదు. అందుకే ఆయనకు మాట మీదే భారం ఎక్కువ.

ఇక అసలు సంగతికి వస్తాను. 1983లోనే మన బడి వార్షికోత్సవంలో రామదాసు నాటకం వేశాం. మన తెలుగు మాస్టారే స్వయంగా రాశారు. నా గొంతు బాగోదని నన్ను తెర వెనక ప్రాంప్టింగ్‌కు పెట్టారు. అందువల్ల ఒక లాభం, అందరి డైలాగులూ నాకే వచ్చు.

తానీషా వేషం ఎవరిదో మీలో చాలామందికి గుర్తే. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. వాళ్ళ నాన్నగారిది బస్టాండు దగ్గర సైకిల్ షాపు. మా క్లాసులో ముస్లిం పిల్లలు ఇద్దరే. నాటకంలో నవాబు ఉంటే, మొగలు సేనాని ఉంటే, వేషం అడగకుండానే వాళ్ళకు వచ్చేది. ఎవరూ చెడ్డ మనసుతో ఇచ్చింది కాదు, ఉర్దూ మాట బాగా పలుకుతారని ఇచ్చేవాళ్ళు. కానీ ఏటేటా చివరి అంకంలో తప్పయిందని తల వంచేది మాత్రం వాళ్ళే. అది వాడికి ఎలా ఉండేదో అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

మాస్టారు మొదట రాసిన వాక్యం ఇది: "రామదాసూ! నీ బాకీ అణా పైసలతో సహా ముట్టింది. నేటితో నీవు విముక్తుడవు." రిహార్సల్లో వాడు ఆ మాట రెండుసార్లు అన్నాడు, మూడోసారి ఆగిపోయాడు.

"సార్, రాముడు రాకపోతే? పైకం తేకపోతే?"

"రాకపోవడం ఏమిట్రా, వచ్చాడుగా?"

"రాలేదనుకోండి. తానీషా ఇంకా జైల్లోనే ఉంచుతాడా?"

మాస్టారు చాక్‌పీసు చేతిలో తిప్పుతూ "ఉంచుతాడేమోరా" అన్నారు.

"మరి మారింది ఏముంది సార్? పైసలిస్తే వదిలేటోడు మొదటి నుంచీ వదిలేటోడే గదా?"

ఆ రోజు రిహార్సల్ అక్కడితో ఆపేశారు. రెండు రోజుల తర్వాత నా చేతికి వచ్చిన నోట్‌బుక్కులో ఆ వాక్యం ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. పైన కొత్తది రాశారు:

"రామదాసూ! నీ బాకీ తీరింది. నా బాకీ ఎట్లా తీర్చను? పైకానికి రసీదు రాసిచ్చాను. నీ పన్నెండేళ్ళకు రసీదు ఎవరు రాస్తారు?"

భవనంలో ఒక స్తంభం రెండడుగులు జరిపితే పైనున్న దూలాలన్నిటికీ మళ్ళీ లెక్క కట్టాలి. ఇక్కడా అదే జరిగింది. పాత వాక్యానికి రామదాసు జవాబు "ప్రభువుల దయ" అని. కొత్త వాక్యం ముందు ఆ జవాబు నిలబడలేదు. బాకీ ఉన్నానని ఒప్పుకున్నవాడికి దయ అని ఎలా చెప్తారు? క్షమించాను అంటే రామదాసు పెద్దరికం చూపినట్టవుతుంది. అంతా రాముడి లీల అంటే తానీషాను ఇట్టే వదిలేసినట్టవుతుంది. మాస్టారు ఇంకో రెండు రోజులు తీసుకున్నారు. ఈసారి రాసింది ఇది:

"పన్నెండేళ్ళ మాట అటుంచండి ప్రభూ. నేను చూడలేదు. మీరు చూశారు. ఎట్లా ఉన్నాడు?"

ఈ వాక్యం నేను తెర వెనక చీకట్లో టార్చిలైటు వేసుకుని మొదటిసారి చదివాను. పూర్వజన్మ చిలుక కథ చేయలేని పని ఇది చేసింది. దేవుడు తానీషాకే ఎందుకు కనిపించాడన్న ముల్లు ఉంది చూశారూ, ఇక్కడ అదే అప్పు తీర్చే దారి అయింది. తానీషా దగ్గర రామదాసుకు ఇవ్వగలిగింది ఒక్కటే ఉంది, తాను చూసింది చెప్పడం. అప్పుడు తానీషా చెప్తాడు:

"ఇద్దరు కుర్రవాళ్ళు. చాలా దూరం నడిచి వచ్చినట్టున్నారు, కాళ్ళ నిండా దుమ్ము. పెద్దవాడు మూట దించి చెమట తుడుచుకున్నాడు. దాహమా అని నేను అడగలేదు. పైకం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను."

కిరీటం లేదు, కోదండం లేదు, వెనక వెలుగు లేదు. కమిటీ పెద్ద ఒకాయన రిహార్సల్ చూసి, "మాస్టారూ, నాటకం రామదాసుదా, తానీషాదా? వాడే అంతసేపు మాట్లాడితే ఎట్లా?" అన్నారు. మాస్టారు నవ్వి, "రామదాసు మొదటి నుంచీ రామదాసేనండీ, మారాల్సిన వాడికి కాస్త సమయం పడుతుంది" అన్నారు. ఆ రాత్రి వాడు ఆ మాటలు అన్నాక చప్పట్లు వెంటనే పడలేదు. తెర దించాల్సిన పిల్లాడు కూడా వింటూ ఉండిపోయాడు. నేను వెళ్ళి తాడు వదిలాను.

ఈ రసీదు మాట నన్ను ఉద్యోగంలో కూడా వదల్లేదు. గోదావరి ఒడ్డున ఒక ముంపు గ్రామం. పరిహారం చెక్కులు ఇస్తున్నారు, టేబుల్ దగ్గర నేనూ ఉన్నాను. కోయ పెద్దాయన ఒకరు వచ్చారు. "మొత్తం సొమ్ము ముట్టినది" అన్న కాగితం మీద వేలిముద్ర వేశారు. వేశాక సిరా అంటిన బొటనవేలు అలాగే పైకి పట్టుకుని అడిగారు: "పైసలు ముట్టినయని రాసినవు, మంచిదే సారూ. ఊరు పోయిందని ఏడ రాసినవు?" ఫారంలో ఆ గడి లేదు. ఎవరూ ఏమీ అనలేదు, తర్వాతి పేరు పిలిచారు. అక్కడున్నవాళ్ళు ఎవరూ దుర్మార్గులు కారు. చెక్కు సరైనదే, మొత్తం సరైనదే. నాకు మాత్రం మాస్టారు కొట్టేసిన వాక్యమూ, ఎర్ర సిరాతో రాసిన వాక్యమూ పక్కపక్కన కనిపించాయి.

భద్రాచలం సంప్రదాయానికి ఈ సంగతి ముందే తెలుసనుకుంటాను. మారిన తానీషా చేత అది ఉత్త మాట చెప్పించి ఊరుకోలేదు. సీతారాముల కల్యాణానికి ఏటా ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయనతోనే మొదలైందని చెప్పుకుంటాం. ఇవాళ్టికీ ప్రభుత్వం తరఫున తలంబ్రాలు, పట్టువస్త్రాలు వస్తూనే ఉన్నాయి. రాజ్యాలు మారాయి, ఎర్రకోటలు మారాయి, జిల్లా కూడా మారింది. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరిలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం అయింది. ఆ ముత్యాలు మాత్రం ఆగలేదు. ఏటేటా కట్టే బాకీ అన్నమాట.

ఇక చరిత్రలోని అబుల్ హసన్ ఏమయ్యాడో సినిమాలు మామూలుగా చూపించవు. 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, లోపలివాడే తలుపు తీస్తే గోల్కొండ ఔరంగజేబు వశమైంది. అబుల్ హసన్‌ను దౌలతాబాదు కోటకు తీసుకెళ్ళి బంధించారు. 1699లో పోయేదాకా అక్కడే. తీసివేత మీరే చేసుకోండి. గోపన్న జైలు గోడ మీద చెక్కుకున్న బొమ్మలు గోల్కొండలో ఇవాళ్టికీ చూపిస్తారు. దౌలతాబాదులో ఈయన ఏమి చేస్తూ గడిపాడో ఎవరైనా సినిమా తీస్తే మొదటి టికెట్టు నాది. గుండమ్మకు దొరికిన గది ఈయనకూ దొరికింది, మన కథకులే అక్కడిదాకా వెళ్ళలేదు. ఈయన కోసం రామోజీ ఎవరూ రాలేదు.

ఈ మధ్య మా తానీషాతో ఫోన్‌లో ఇదే మాట్లాడుతుంటే వాడు ఇంకో సంగతి చెప్పాడు. ఖాఫీఖాన్ అనే మొగలు చరిత్రకారుడు రాసిందట. నేనూ తర్వాత చదివి చూశాను, ఉంది. కోట పడిన నాడు సేనానులు పట్టుకోవడానికి లోపలికి వస్తే, అబుల్ హసన్ కంగారు పడలేదు. భోజనం వేళైందని వడ్డించమన్నాడు, వచ్చినవాళ్ళను కూడా తినమని పిలిచాడు. సంకెళ్ళు తెచ్చినవాళ్ళకు అన్నం పెట్టాలనుకున్నాడు! మాస్టారికి ఈ సంగతి తెలిసి ఉంటుందా? పైకం తెచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వని తానీషాను ఆయన ఊహించి రాశారు. చరిత్రలోని తానీషా ఆ లోటు తీర్చుకున్నట్టు ఉంది, వేరే అతిథుల దగ్గర.

సాయంత్రం మన తొమ్మిదో తరగతి పిల్లలు ఇదే నాటకం వేస్తున్నారు. మాస్టారి నోట్‌బుక్కు నకలు తీసి ఇచ్చాం. తానీషాగా ఒక అమ్మాయి వేస్తోంది, మీసం సరిగ్గా అంటుకోవడం లేదని పొద్దున్నుంచీ గొడవ. మూడో వరసలో కూర్చున్న మా పాత తానీషా నిన్న రాత్రి భోజనాల దగ్గర నాతో వాదనకు దిగాడు. "బాకీ, రసీదు అన్న మాటలు కూడా తీసెయ్యాలిరా. తానీషా వస్తాడు, సంకెళ్ళు విప్పుతాడు, నోరు తెరవడు. రామదాసే ఎట్లా ఉన్నాడని అడుగుతాడు. అప్పుడు దాహమా అని అడగలేదన్న ఆ ఒక్క మాట చాలు" అంటాడు. వేడర్ మౌనం లాంటిదన్నమాట. నేను ఒప్పుకోలేదు. రసీదు మాట పోతే పన్నెండేళ్ళ సంగతి ఎవరూ ఎత్తనట్టే అవుతుందని నా వాదన. పెరుగన్నం దాకా తేలలేదు. నాటకం ఆరున్నరకు, అది చూశాక మీరూ ఒక మాట చెప్పండి. సెలవు.